ఫోన్ మీదే... ఖాతా ఎవరిది?

‘స్టోరేజ్ నిండింది’ అని ఫోన్ చెప్పగానే కంగారుపడి చేతికందినది డిలీట్ చేసేస్తాం. లేదంటే డబ్బు కట్టేస్తాం. ఆ రెండూ చేసేముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

దమ్మపేట మండలంలో ఒక పామాయిల్ రైతు ఫోన్‌లో ఏమేం ఉంటాయి? పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం ఫొటోలు. అప్పారావుపేట ఫ్యాక్టరీకి గెలలు తోలినప్పటి కాటా చీటీలు. పోడు చేసుకునే కుటుంబమైతే 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా. వీటన్నిటి మధ్యా ఇంట్లో జరిగిన పెళ్లి వీడియోలు. ఫోన్ పోతే ఎలా అని అడిగితే ‘గూగుల్‌లో ఉంటాయిలే’ అంటారు. ఉండొచ్చు. అయితే ఏ ఖాతాలో ఉన్నాయన్నదే అసలు చిక్కు.

పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?

కొత్త ఫోన్ కొన్న రోజున షాపులో కుర్రాడే చకచకా ఒక జీమెయిల్ తెరిచి చేతికిస్తాడు. పాస్‌వర్డ్ ఏం పెట్టాడో ఆ సాయంత్రానికి అతనికే గుర్తుండదు. ఫోన్ మార్చినప్పుడల్లా ఇంకో ఖాతా పుడుతుంది. పాత ఫొటోలు పాత ఖాతాలో, కొత్తవి కొత్త ఖాతాలో. ‘ఫొటోలు మాయమయ్యాయి’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. గూగుల్ ఫొటోస్ యాప్‌లో పైన కుడివైపున్న గుండ్రటి బొమ్మ నొక్కండి. ఏ మెయిల్‌తో నడుస్తోందో అక్కడ కనిపిస్తుంది. ఫోన్‌లో వేరే ఖాతాలుంటే అక్కడే మార్చి చూడొచ్చు.

రికవరీ నంబరుగా పాత సిమ్ ఉంటే ఇంకో తంటా. రీచార్జ్ లేక మూతపడిన నంబరును కనీసం 90 రోజులయ్యాక కంపెనీలు వేరొకరికి ఇవ్వొచ్చు. అప్పుడు మీ ఓటీపీ వాళ్ల ఫోన్‌కు పోతుంది. నంబరు మారిన రోజే ఖాతాలోనూ మార్చుకోవాలి. పాస్‌వర్డ్ మరిచిపోతే, ఆ ఖాతాను ఎప్పుడూ వాడే ఫోన్ నుంచి, ఎప్పుడూ వాడే చోటు నుంచే రికవరీకి ప్రయత్నించాలి. ఊరుగాని ఊళ్లో, ఇంకొకరి ఫోన్‌లో ప్రయత్నిస్తే గూగుల్ నమ్మడం కష్టం.

ఉమ్మడి గాదె

గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఉమ్మడి కుటుంబంలో గాదె లాంటిది. జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడూ అందులోంచే తోడుకుంటాయి. 2021 జూన్ 1కి ముందు ‘హై క్వాలిటీ’ రకంలో ఎక్కించిన ఫొటోలు లెక్కలోకి రావు. ఆ తర్వాత ఎక్కించినవన్నీ లెక్కే. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్‌కూ 2024 నుంచి ఇందులోంచే చోటు పోతోంది.

ఫుల్ హెచ్‌డీలో తీసిన నిమిషం వీడియో సుమారు 100 ఎంబీ ఉంటుంది. ఆ లెక్కన రెండున్నర గంటల వీడియోతో 15 జీబీ చెల్లు. కాబట్టి చిన్న ఫొటోలు ఏరి ఏరి తీసేయడం వృథా ప్రయాస. వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్ బ్యాకప్‌కు వెళ్లి, వీడియోలు కలిపే మీటను ఆపేయండి. గూగుల్ స్టోరేజ్ పేజీలో పెద్ద ఫైళ్లు వరసగా కనిపిస్తాయి. అక్కడి నుంచి మొదలుపెట్టండి. తీసేసినవి ముందు ట్రాష్‌లోకి వెళ్తాయి. దాన్ని ఖాళీ చేసేదాకా చోటు రాదు.

నిండిపోయినా పట్టించుకోకపోతే కొత్త ఫొటోలు ఎక్కవు, మెయిళ్లు రావు, పోవు. పిల్లల కాలేజీ అడ్మిషన్ మెయిల్ కోసం చూస్తున్న ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు.

వైఫై లేని ఊళ్లో బ్యాకప్

ఖాతాలో చోటున్నా ఫొటోలు ఎక్కకపోవడానికి ఇంకో కారణముంది. మొబైల్ డేటాతో బ్యాకప్ చేయమని మనం చెప్పకపోతే గూగుల్ ఫొటోస్ యాప్ వైఫై కోసమే కాచుకుని కూర్చుంటుంది. అడవి అంచు గూడెంలో వైఫై ఎక్కడిది? నెలలు గడిచినా ఒక్క ఫొటో కూడా పైకి వెళ్లదు. బ్యాకప్ సెట్టింగ్స్‌లో మొబైల్ డేటాకు అనుమతిస్తే సరి. రోజుకు ఎంత వాడాలో పరిమితీ పెట్టుకోవచ్చు. సిగ్నల్ బాగా అందే చోట, మిగిలిన రోజువారీ డేటా అర్ధరాత్రి మురిగిపోకముందే ఆ పని కానివ్వండి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉన్నా బ్యాకప్ ఆగిపోవచ్చు.

రెండు మీటలు, రెండు ఫలితాలు

ఫోన్‌లో చోటు కోసం గూగుల్ ఫొటోస్‌లో ‘డిలీట్’ కొడితే ఫొటో ఫోన్‌లోనూ, క్లౌడ్‌లోనూ పోతుంది. ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కితే క్లౌడ్‌కు ఎక్కినవి ఫోన్‌లోంచి మాత్రమే తొలగుతాయి. ఈ తేడా తెలియక పోగొట్టుకున్నవాళ్లు వెంటనే ట్రాష్ చూడాలి. బ్యాకప్ అయిన ఫొటోలు అందులో 60 రోజులుంటాయి. డ్రైవ్ ఫైళ్లకు గడువు 30 రోజులే.

రెండేళ్లపాటు అసలు వాడని వ్యక్తిగత ఖాతాను తొలగించే హక్కు గూగుల్ తన దగ్గర ఉంచుకుంది. పాత ఖాతాలో జ్ఞాపకాలుంటే అప్పుడప్పుడూ తెరుస్తుండాలి. ఖాతా పోతుందన్న ఈ భయాన్నే దొంగలూ వాడుకుంటారు. ‘మీ స్టోరేజ్ నిండింది, ఈరోజే ఖాతా పోతుంది’ అంటూ లింకు పంపిస్తారు. దాన్ని నొక్కకుండా, మీ యాప్‌లోకి మీరే వెళ్లి చూసుకోండి. ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు.

సర్కారు కాగితాలకు వేరే దారి

2015 జులైలో కేంద్రం మొదలుపెట్టిన డిజీలాకర్‌లో పౌరులకు 1 జీబీ ఉచితం. డ్రైవింగ్ లైసెన్స్, ఆర్‌సీ లాంటివి జారీ చేసిన శాఖ నుంచే నేరుగా తెచ్చుకుంటే, వాటికి చట్టం దృష్టిలో అసలు కాగితంతో సమాన విలువ ఉంటుంది. మనం ఫొటో తీసి ఎక్కించినదానికి ఆ విలువ ఉండదు. డిజీలాకర్ వాడాలంటే ఆధార్‌కు మీ ఇప్పటి నంబరు లింకై ఉండటం ముఖ్యం.

భూమి కాగితాల ఫొటోలకు ఒక్క క్లౌడ్‌నే నమ్ముకోకుండా పెన్‌డ్రైవ్‌లో ఇంకో నకలు ఉంచుకోవాలి. వాటికి పట్టే చోటు కూడా కొద్దిపాటిదే. ఖాతా ఏదో తేల్చుకుని, వీడియోలు ఏరేసి, ట్రాష్ ఖాళీ చేశాక కూడా చోటు చాలకపోతే, అప్పుడు డబ్బు కట్టడంలో అర్థముంది. పాస్‌వర్డ్ తెలియని ఖాతాకు మాత్రం ఎన్ని జీబీలు కొన్నా, ఫోన్ పోయిన రోజున అవి మీవి కావు.