పరంగిసాంబ్రాణి చెట్టు

ఖైరతాబాదు, పంజగుట్ట, అమీరుపేట అంగళ్ళలో సాయంవేళ నిప్పులపై సాంబ్రాణి చల్లి ధూపము వేయుట పరిపాటి. ఈ సాంబ్రాణి ఒక్క ద్రవ్యము కాదు. సుమత్రా దీవిలోని స్టైరాక్స్ చెట్ల నుండి లభించునది ఒకటి. బాస్వెల్లియా చెట్ల బెరడు నుండి కారునది మరియొకటి. దీనినే పరంగిసాంబ్రాణి యందురు.

సోమాలియా, ఇథియోపియా, కెన్యా దేశముల మెట్టభూములు ఈ చెట్లకు పేరుపొందినవి. వీని దగ్గరి చుట్టమైన కొమ్మిఫోరా నుండి బోళము లభించును. అచట వానలు తక్కువ. అందుచే కొమ్మిఫోరా చెట్టు మొదలులో నీటిని దాచుకొని, ఎండకాలమున ఆకులు రాల్చును. కాగితము వలె లేచిపోవు బెరడు క్రింద పచ్చని పొర యుండును. ఆకులు లేని రోజులలో ఆ పొరయే కొంత ఆహారమును తయారుచేయును.

మన అడవులలోను ఈ కుటుంబము వారున్నారు. తెలంగాణ కొండలలోను, నల్లమలలోను పెరుగు అందుగు చెట్టు బాస్వెల్లియా సెర్రేటా. సంస్కృతమున దీనికి శల్లకి, గజభక్ష్య యని పేర్లు. ఏనుగుల కిది ప్రియమైన మేత. శేషాచలము కొండలలోని మరియొక జాతిని శాస్త్రజ్ఞులు 1961లో క్రొత్తదిగా వర్ణించిరి. అది తూర్పు కనుమలలో తప్ప లోకమున మరెచ్చటను సహజముగా పెరుగదు.

బెరడుకు గాటు పడినప్పుడు పాలవంటి ద్రవము కారి, గాలికి గట్టిపడి గాయమును మూసివేయును. పురుగుల నుండి, తెగుళ్ళ నుండి చెట్టుకు అదియే రక్షణ. అందు నీట కరగు జిగురు, నీట కరగని సర్జరసము, ఆవిరియగు సుగంధ తైలము కలసియుండును. ఒక పలుకును నీటితో నూరిన పాలవలె తెల్లనగుట కిదియే కారణము.

చెట్టు ఆత్మరక్షణకై చేసికొనినది మనకు సరకైనది. ఆశపడి గాట్లు పెంచినచో చెట్టు తన ఆహారమును గాయములు మాన్పుకొనుటకే వెచ్చించును. గాట్లు పడిన చెట్ల గింజలు తక్కువగా మొలకెత్తునని ఎరిత్రియా పరిశోధనలు తెలిపినవి. పశువుల మేత, కార్చిచ్చు మిగిలిన మొలకలను హరించును. అచటి జాతి నుండి లభించు దిగుబడి ఇరువదేండ్లలో సగమునకు పడిపోవచ్చునని 2019లో శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి.

కావున గాటు బెరడును దాటి కలపను తాకరాదు. ఒకసారి గాట్లు వేసిన చెట్టుకు కొన్నేండ్లు విశ్రాంతి నీయవలెను. అందుగు కొమ్మలను నాటినను బ్రదుకును. ఈ మాత్రము శ్రద్ధ చూపినచో మన కొండలలో ఈ చెట్టు నిలుచును.