అడవి పెద్దలు ‘కుదరదు’ అన్నారు!

నడుమ నెగడు మండుతోంది. చుట్టూ అయిదుగురు అడవి పెద్దలు. ఎదురుగా మన హీరోలు నలుగురు - ఒక కత్తివీరుడు, ఒక మంత్రగత్తె, ఒక దొంగ, ఒక విలుకాడు. “శత్రువు కోటకు పోవాలి. మీ దేవరవనం మీదుగా దారి ఇవ్వండి” అని అడిగారు. మొదటి పెద్దాయన గడ్డం నిమురుకుని, “వెళ్లండి నాయనా, వనదేవత మీకు తోడుంటుంది” అన్నాడు. రెండో ఆయనా అదే అన్నాడు. మూడో ఆయనా అదే! పది నిమిషాల్లో సభ ముగిసింది.

ఇది ఏ సినిమాలో సీను అని ఆలోచిస్తున్నారా? సినిమా కాదు. హైదరాబాదులో మా అద్దెగదిలో, ఓ ఆదివారం మధ్యాహ్నం, చాప మీద జరిగిన ఆట. ఆ అయిదుగురు పెద్దల వేషాలూ వేసింది ఒక్కడే - మీ విలేఖరి!

ఆట ముగిశాక టీ తాగుతుంటే, విలుకాడి పాత్ర ఆడిన మిత్రుడు మెల్లగా నవ్వాడు. ఉట్నూరు వైపు ఒక గోండు గూడెంలో పుట్టి, ఉద్యోగం కోసం నగరానికి వచ్చిన కుర్రాడు.

“అన్నా, ఏమనుకోకు. నీ పెద్దమనుషులు అడవిల కెల్లి రాలె, సినిమాల కెల్లి వచ్చిన్రు. నెత్తిన ఈకలు, చేతిల బల్లెం, ఎవలేమడిగినా ఊఁ అనుడు! మా దిక్కు ఆవు పంచాయితీ కూడా ఇంత జల్దీ తెగది” అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. పదేళ్లుగా సినిమాల గురించి రాస్తున్నవాణ్ణి. మన తెరమీద గూడెం పెద్దకి పాత్ర అంటూ ఉండదని ఎన్నిసార్లు విమర్శించానో! తీరా నా చేతికి కలం వస్తే నేను చేసిందీ అదే!

ఇంతకీ ఏమిటీ ఆట?

ఈ తరహా ఆటలకు ఆద్యం ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారు చేశారు. తెర లేదు, కెమెరా లేదు. కాగితం, పెన్సిలు, ఇరవై ముఖాల పాచిక, కాస్త ఊహ ఉంటే చాలు. ఆటగాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకడు మాత్రం గేమ్ మాస్టరు. కథ, దర్శకత్వం, మాటలు, సహాయ పాత్రలు, విలన్లు, ఆఖరికి వానా గాలీ కూడా ఆయనవే! అయితే సినిమా దర్శకుడికి లేని కష్టం ఒకటుంది. హీరోలు ఏం చేస్తారో ఆయనకు ముందుగా తెలియదు.

అడవిలో బతికే జాతి, దానికో పెద్దల సభ - ఇలాంటి కథల్లో ఇవి తరచు వస్తూనే ఉంటాయి. హీరోలు వస్తారు, అడుగుతారు, సభ తేల్చాలి. మరి ఆ సభను ఎలా కట్టాలి? మర్నాటి నుంచి నాకు అదే ధ్యాస.

వెండితెర సభలు

మొదట మనకు తెలిసిన విద్యే కదా, సినిమాల్లో వెతికాను.

2002లో వచ్చిన ‘ది టూ టవర్స్’ మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో నడిచే చెట్లు సభ చేస్తాయి. చెట్లపెద్ద ట్రీబియర్డుకి గొంతు ఇచ్చింది జాన్ రిస్-డేవిస్. అదే సినిమాలో మరుగుజ్జు వీరుడు గిమ్లీగా గొడ్డలి తిప్పిన నటుడే! ఆ చెట్లు ఎంతో సేపు మాట్లాడుకుని, చివరికి ఇద్దరు పొట్టివాళ్లు శత్రువులు కాదని మాత్రం తేలుస్తాయి. యుద్ధానికి మాత్రం రామంటాయి. తర్వాత ట్రీబియర్డు నరికేసిన తన తోటి చెట్లను కళ్లారా చూశాకే కథ మారుతుంది. 1954లో వచ్చిన టోల్కీన్ నవలలో అలా కాదు. అక్కడ సభ మూడో రోజు దాకా సాగి, తనంతట తానే యుద్ధానికి బయల్దేరుతుంది. ఏది గొప్ప అని వాదించుకోవచ్చు. నాకు పనికొచ్చిన విషయం వేరు. రెండు చోట్లా ఆ సభకు తన తీరిక తనకుంది. హీరోల తొందర దానికి పట్టదు.

1983 నాటి ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’లో ఎలుగుపిల్లల్లాంటి ఈవాక్‌లు మొదట హీరోలను నిప్పుల మీద కాల్చుకు తిందామనుకుంటారు. చివరికి బంగారు రంగు మరమనిషి వాళ్ల భాషలో, కత్తుల చప్పుళ్లూ పేలుళ్లూ నోటితో చేస్తూ కథంతా వినిపిస్తే, అది విని హీరోలను తమలో కలుపుకుంటారు. అంటే సభను గెలిచింది కత్తి కాదు, కథ!

2009 నాటి ‘అవతార్’లో నాయకత్వం రెండు చేతుల్లో ఉంటుంది. తెగ నాయకుడు ఎయ్‌టుకాన్, ఆధ్యాత్మిక పెద్ద మోఆట్. భార్యాభర్తలే, కానీ ఎవరి అధికారం వారిది. అపరిచితుడైన హీరోను ఏం చేయాలో తేల్చేది ఆమె.

కుర్చీ కోసం కుస్తీ

సరే, ఆటల సంగతి చూద్దాం. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’లో అడవిని కాచే మంత్రవేత్తలు డ్రూయిడ్లు. 1978 నాటి నియమాల పుస్తకం ప్రకారం మహా డ్రూయిడ్ ఒక్కరే. ఆ కింద ముగ్గురు, వారి కింద తొమ్మిది మంది. పైమెట్టు కావాలంటే అక్కడున్నవారితో తలపడి ఓడించాలి! ఆటగా చూస్తే మజాగానే ఉంటుంది. కానీ ఆలోచించండి - పెద్దరికం కుస్తీలో గెలిస్తే వచ్చేదైతే, ముసలివాళ్ల మాట ఎవరు వింటారు?

అదే ప్రపంచాన్ని తీసుకుని 2023లో వచ్చిన కంప్యూటర్ ఆట ‘బాల్డర్స్ గేట్ 3’ ఇంకా లోతుకు పోయింది. అడవి వనంలో పెద్ద డ్రూయిడ్ హాల్సిన్ లేడు, శత్రువుల చేతికి చిక్కాడు. ఆ సందులో కాగా అనే ఆమె పెత్తనం చేపట్టింది. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని తలదాచుకున్న కాందిశీకులను వెళ్లగొట్టి, వనాన్ని ముళ్లతో మూసేస్తానంటుంది. సాటి డ్రూయిడ్లలోనే అది నచ్చనివాళ్లున్నారు. ఆమె వెనక వేరే ముఠా ఉందనడానికి రహస్యంగా దాచిన ఉత్తరాలున్నాయి. వాటిని పట్టుకుని నిలదీస్తే ఆమె మనసు మార్చవచ్చు. లేదా అక్కడే రక్తపాతం! ఆటగాడు ఏం చేసినా దానికి తగ్గ కథ సిద్ధంగా ఉంది.

ఇక్కడే నాకు తల మీద మొట్టికాయ పడింది. నా ఆటలో శత్రువు కోటకు దారి ఒక్కటే. ఆ దారి దేవరవనంలోంచే. పెద్దలు వద్దంటే కథ ముందుకు పోదు. అందుకే వాళ్లు వద్దనలేదు! ఆ అయిదుగురి నోళ్లూ కుట్టేసింది నేనే. ‘కుదరదు’ అనే హక్కు లేని సభ సభ కాదు, టోల్‌గేటు.

మిత్రుడి పాఠం

మిత్రుణ్ణి మళ్లీ టీకి పిలిచాను. మీ ఊళ్లో ఎలా జరుగుతుందో చెప్పమన్నాను.

గోండు గూడేనికి పట్లా పెద్ద. పూజా పునస్కారాలు కటోడావి. కొన్ని గూడేలు కలిసి రాయ్ సెంటరు, దానికి సార్‌మేడి. తగవులు అక్కడ తీరుస్తారు. వంశాల కథలన్నీ గుర్తుపెట్టుకుని కిక్రీ వాయిస్తూ చెప్పేది ప్రధాన్‌లు. అంటే పెత్తనం ఒకరిది, పూజ ఒకరిది, జ్ఞాపకం ఇంకొకరిది!

కేస్లాపూర్ నాగోబా జాతర సంగతీ వచ్చింది. మెస్రం వంశంవారు గోదావరి నీళ్ల కోసం కాలినడకన వెళ్లి, తెచ్చి, పుష్య అమావాస్యనాడు పూజ చేస్తారు. ఆ జాతరలోనే దర్బారు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం నేలకొరిగాక, గోండుల బాధలేమిటో తెలుసుకునేందుకు నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. ఆ రోజుల్లో మొదలైన దర్బారు అది. అధికారులే అక్కడికి వచ్చి కూర్చుని గిరిజనుల అర్జీలు వినాలి. పది నిమిషాల సభ కాదు!

“ఇవన్నీ ఆటలో పెట్టేస్తే బాగుంటుందే!” అన్నాను ఉత్సాహంగా.

మిత్రుడు గ్లాసు కింద పెట్టాడు. “పేర్లు వద్దన్నా. మా దేవుళ్లు కూడ వద్దు. మాది ఆట కాదు గద! పద్ధతి చూసి నేర్చుకో, చాలు.”

ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. పేర్లు తీసుకోలేదు. పద్ధతి తీసుకున్నాను.

దానికి ఇంకో పద్ధతి కూడా కలిపాను. ఉత్తర అమెరికా అడవుల్లో ఆరు జాతులు కలిసి కట్టుకున్న హౌడెనొషోనీ సమాఖ్య ఉంది. దాని మహాసభలో 50 మంది నాయకులు. వాళ్లను ఎంచేదీ, దారి తప్పితే తొలగించేదీ వంశమాతలు. కుర్చీలో కూర్చునేది ఒకరు, కూర్చోబెట్టేది ఇంకొకరు. ఎంత చక్కటి నాటకీయత!

సభ మళ్లీ కూడింది

వారం పట్టింది. పాత పెద్దలను పక్కన పెట్టి, ఒక్కొక్కరికీ ఒక్కో భయం ఇచ్చాను. గూడెం పెద్దకు గాదెలో గింజల భయం. పూజారికి వనం మైలపడుతుందని. వేటగాళ్ల పెద్దకు కుర్రాళ్లు యుద్ధంలోకి పోతారని. చివర ఒక అవ్వ. ఆమె ఎక్కువ మాట్లాడదు, కానీ ఆ ముగ్గురినీ కుర్చీలో పెట్టింది ఆమే, దించగలిగేదీ ఆమే. అయిదో ఆయన పాటగాడు. ఓటు లేదు, కానీ పాత సంగతులన్నీ ఆయన దగ్గరే. అందరూ ఒప్పుకుంటేనే తీర్పు. ఒక్కరు కాదన్నా మర్నాటి రాత్రికి వాయిదా. ముఖ్యంగా, కోటకు రెండో దారి రాశాను. ఏటి వెంబడి, అయిదు రోజుల నడక.

ఆదివారం వచ్చింది. ఆటగాళ్ల ఒప్పుకోలుతో ఆ సభ సీను మళ్లీ మొదటినుంచీ ఆడాం. దారి అడిగారు. అవ్వ తల అడ్డంగా ఊపింది.

“కుదరదు.”

గదిలో నిశ్శబ్దం! కత్తివీరుడి పాత్రధారి పాచిక తీశాడు. “ఇరవై పడితే ఒప్పుకోవాలి” అన్నాడు. “ఇరవై పడితే ఒకరు మెత్తబడతారు. సభ మారదు” అన్నాను. అలిగాడు. మంత్రగత్తె పూజారితో వాదనకు దిగింది. దొంగ రాత్రికి రాత్రి వనంలోంచి జారుకుందామన్నాడు.

విలుకాడు మాత్రం వెళ్లి పాటగాడి పక్కన కూర్చున్నాడు. “తాతా, ఇదివరకు ఎవరికన్నా దారి ఇచ్చిన్రా?” అని అడిగాడు. ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడగాలని వారం రోజులుగా ఎదురు చూస్తున్నాను! ఇచ్చారు. నలభై ఏళ్ల కిందట. ఒక్క రాత్రికని అడిగినవాళ్లు చెట్లు కొట్టి బాట వేశారు. బాట వెంట బండ్లు వచ్చాయి. బండ్ల వెంట గొడ్డళ్లు వచ్చాయి. ఆ బాట ఇంకా మూసుకోలేదు. అప్పుడు సరే అన్నది ఈ అవ్వే.

మర్నాటి రాత్రి సభలో విలుకాడు లేచాడు. “మావాళ్లు పోతరు. ఒక్క కొమ్మ విరవరు. నేను ఈడనే ఉంట. వాళ్లు పోయిన జాడ మీద గడ్డి మొలిచేదాక నేను మీకు పూచీ” అన్నాడు.

అలా అంటే ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. కోట ముట్టడిలో అతని పాత్ర ఉండదు. మేం మూడు నెలలుగా ఎదురు చూస్తున్న క్లైమాక్సు అది! కత్తివీరుడు “వద్దురా” అన్నాడు. విలుకాడు కూర్చోలేదు.

అవ్వ చాలాసేపు అతన్ని చూసింది. నేను కూడా చూశాను. తర్వాత ఆమె లేచి, నెగడులో ఒక పుల్ల వేసింది. అంతే, దారి దొరికింది.

రెండు ఆదివారాల తర్వాత కోట ముట్టడి. పాచికలు దొర్లాయి, అరుపులు, కేకలు, పక్కింటివాళ్ల ఫిర్యాదులు! మిత్రుడు మానకుండా వచ్చాడు. మిర్చిబజ్జీల పొట్లం మధ్యలో పెట్టి, గోడకు ఆనుకుని, మూడు గంటలూ చూస్తూ కూర్చున్నాడు.

“బోరు కొట్టలేదా?” అని అడిగాను మెట్లు దిగుతూ.

“మాట ఇచ్చిన గద అన్నా” అన్నాడు.

పాఠకులారా, ఈసారి తెరమీద గూడెం పెద్ద కనిపిస్తే ఆయన నెత్తిన ఈకలు లెక్కపెట్టకండి. ఆయనకు ‘కుదరదు’ అనే డైలాగు ఒక్కటన్నా రాశారో లేదో చూడండి!