కోర్టుకెళ్లి సైన్సు చదివాడు, అమెరికా వెళ్లొచ్చి ఉపాధి చూపాడు
సీతారామపురం బిడ్డ శ్రీకాంత్ విద్యాయాత్ర

మచిలీపట్నం: కంటిచూపు లేనందువల్ల సైన్సు తరగతిలో కూర్చోవడానికి కోర్టు మెట్లెక్కవలసి వచ్చిన విద్యార్థి, అమెరికాలో మేనేజిమెంటు చదువు ముగించి, అక్కడ వచ్చిన ఉద్యోగాలు కాదనుకొని స్వదేశానికి తిరిగివచ్చి, తనలాంటి వారికి పని కల్పించే పరిశ్రమ స్థాపించారు. ఆయనే మచిలీపట్నం సమీపంలోని సీతారామపురంలో ఒక పేద రైతు కుటుంబంలో పుట్టిన శ్రీ బొల్లా శ్రీకాంత్. ఆయన జీవితకథ 2024లో 'శ్రీకాంత్' పేరుతో హిందీలో సినిమాగా వచ్చిన తరువాత ఆ పేరు దేశమంతటా తెలిసింది. అయితే పరదేశపు చదువు ఆయనలో తెచ్చిన మార్పు ఏమిటన్నది మన పల్లెల్లోని తల్లిదండ్రులు ప్రత్యేకించి తెలుసుకోదగిన విషయం.

వెనుక బెంచీ నుంచి

శ్రీకాంత్ పుట్టుకతోనే అంధుడు. ఈ బిడ్డ బరువని, వదిలించుకోమని తల్లిదండ్రులకు సలహా ఇచ్చినవారూ లేకపోలేదు. చదువురాని ఆ దంపతులు ఆ మాటలు చెవిన పెట్టలేదు. ఆరేళ్ల వయసు నుంచి రెండేళ్లపాటు ఆ బాలుడు అన్న తోడుతో కొన్ని కిలోమీటర్లు నడిచి బడికి వెళ్లేవాడు. వానాకాలంలో దారి నీట మునిగేది. బడికి చేరినా కూర్చోబెట్టింది వెనుక బెంచీలోనే. పలకరించేవారు గాని, ఆటకు పిలిచేవారు గాని లేరు. ఎనిమిదో ఏట తండ్రి హైదరాబాదులోని అంధుల వసతి పాఠశాలలో చేర్పించారు. అక్కడ చదరంగం, శబ్దం చేసే బంతితో క్రికెట్, ఈత నేర్చుకున్నాడు. చదువులోనూ ముందుకొచ్చాడు.

పదో తరగతి ముగిశాక అసలు చిక్కు వచ్చింది. బొమ్మలు, గ్రాఫులు చూడలేరన్న కారణంతో అంధులకు పై తరగతుల్లో సైన్సు, లెక్కలు చదివే వీలు లేకుండా అప్పట్లో నిబంధన ఉండేది. ఒక ఉపాధ్యాయురాలి అండతో ఆయన కోర్టుకు వెళ్లారు. సుమారు ఆరు నెలల తరువాత తీర్పు అనుకూలంగా వచ్చింది. పాఠాలను ఆడియోగా మార్పించుకొని, విని చదివి 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు. అయినా ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షకు శిక్షణ ఇచ్చే సంస్థలు ఈ ఒత్తిడి తట్టుకోలేవంటూ చేర్చుకోలేదు. దాంతో అమెరికా విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేయగా, పలుచోట్ల సీటు వచ్చింది. వాటిలో మాసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీని (ఎం.ఐ.టి.) ఎంచుకున్నారు. ఆ విద్యాసంస్థలో చేరిన తొలి విదేశీ అంధ విద్యార్థి ఆయనే.

చలి, తిండి, చదువు

ఎం.ఐ.టి. ఉన్నది బోస్టన్ నగరానికి ఎదురుగా, ఛార్లెస్ నది ఒడ్డున ఉన్న కేంబ్రిడ్జి పట్టణంలో. శీతాకాలంలో మంచు పేరుకుపోయే ప్రాంతమది. 2009లో అక్కడ అడుగుపెట్టిన శ్రీకాంత్‌కు మొదట ఎదురైన దెబ్బ చలే. తిండి రుచీ వాసనా కూడా కొత్తే. మొదటి నెలంతా వేయించిన బంగాళాదుంప ముక్కలు, కోడిమాంసం ముక్కలతోనే నెట్టుకొచ్చానని ఆయన తరువాతి కాలంలో చెప్పారు.

ఆయన ఎంచుకున్నది మేనేజిమెంటు శాస్త్రం. పెట్టుబడి, జమాఖర్చులు, గణాంకాలు, సరుకు తయారీ, అమ్మకం వంటివన్నీ ఇలాంటి చదువులో భాగం. అక్కడి చదువు చాలా కఠినంగా ఉండేదని, అయినా తన జీవితంలో అతి మధురమైన కాలం అదేనని ఆయన అంటారు.

ఈ రెండు మాటలూ ఒకదానికొకటి ఎలా పొసిగాయన్నదే ఇక్కడ గమనించదగిన విషయం. ఆ విద్యాసంస్థలో వికలాంగ విద్యార్థుల అవసరాలు చూడటానికి ప్రత్యేక విభాగం ఉంది. కావలసిన సదుపాయాలు సమకూర్చి, ఆయన తక్కిన విద్యార్థులతో సమంగా నడిచేటట్లు చూసింది ఆ విభాగమే. అలాగని పాఠం తేలిక చేయలేదు. ఇక్కడ 'నీవు చదవలేవు' అని తలుపు మూశారు. అక్కడ 'నీవు చదవడానికి ఏం కావాలి' అని అడిగి ఆ ఏర్పాటు చేశారు. తెలివి ఆ విద్యార్థిదే, కష్టమూ ఆయనదే. మారింది ఏర్పాటు మాత్రమే.

తిరుగు ప్రయాణం

మొదట్లో తన సీటు కోసం పోరాడిన విద్యార్థి, అక్కడ ఉండగానే ఇతరుల సంగతి ఆలోచించడం మొదలుపెట్టారు. చదువు పూర్తికాకముందే హైదరాబాదులో వికలాంగ బాలబాలికలకు చదువు, శిక్షణ ఇచ్చే స్వచ్ఛంద సంస్థను నెలకొల్పారు. విరాళాలు సేకరించి బ్రెయిలీ గ్రంథాలయం కూడా తెరిచారు. చదువుకున్నా పని ఇచ్చేవారు లేకపోతే వికలాంగుల బతుకు మారదని గ్రహించి, పరిశ్రమ పెట్టాలన్న నిర్ణయానికి వచ్చారు.

2012లో హైదరాబాదుకు తిరిగివచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. వక్క చెట్ల నుంచి రాలిపడే మట్టలతో, వాడి పారేసిన కాగితంతో పళ్లాలు, ప్యాకింగు సామగ్రి తయారుచేయడం ఈ సంస్థ పని. 2024లో మరణించిన ప్రముఖ పారిశ్రామికవేత్త రతన్ టాటా ఇందులో పెట్టుబడి పెట్టారు. కరోనాకు ముందు సంస్థలో సుమారు 500 మంది పనిచేస్తుండగా, వారిలో 36 శాతం మంది వికలాంగులు, మానసిక ఆరోగ్య సమస్యలు ఉన్నవారే కావడం విశేషం. దానంగా కాక, చేసిన పనికి జీతంగా వారు డబ్బు ఇంటికి తీసుకువెళ్లారు. 2017లో ఫోర్బ్స్ పత్రిక ఆసియాలో 30 ఏళ్లలోపు ప్రతిభావంతుల జాబితాలో శ్రీకాంత్ పేరు చేర్చింది. 2021లో ప్రపంచ ఆర్థిక వేదిక యువ నాయకుల్లో ఒకరిగా గుర్తించింది.

మన పిల్లల మాటేమిటి?

అందరూ అమెరికా వెళ్లలేరు, వెళ్లనక్కరలేదు కూడా. ఆయన అక్కడ పొందిన ఏర్పాటు ఇక్కడి పిల్లలకూ అందాలనే 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్లలోపు పిల్లలకు ఉచిత విద్య పొందే హక్కు ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం పోస్టులు కేటాయించాలని చట్టం చెబుతోంది. సదరం ధ్రువపత్రాన్ని పింఛను కోసమే అనుకుని పెట్టెలో దాచేవారు చాలామంది. చదువుకు, ఉద్యోగానికి కూడా వైకల్య ధ్రువీకరణే ఆధారం. సమగ్ర శిక్ష ఆధ్వర్యంలోని భవిత కేంద్రాల్లో ఇలాంటి పిల్లలకు ప్రత్యేక ఉపాధ్యాయులు తోడ్పడతారు.

చూపు లేదనో, కాలు లేదనో ఇంటి అరుగు మీదే కూర్చోబెట్టిన పిల్లలు ఉంటే, ఈ జూన్‌లో బడి తెరిచేలోగా తల్లిదండ్రులు ప్రధానోపాధ్యాయుణ్ణి కలవాలి. ఈ బిడ్డ చదవగలడా అని కాదు, చదవడానికి ఏ ఏర్పాటు చేస్తారని అడగాలి. ఆ ప్రశ్న అడిగే హక్కు వారికి ఉంది.