డాలరు దగ్గర ఆగిపోయే కార్డు

విదేశీ పత్రికకో, వెబ్‌సైటు పేరుకో, నోట్సు భద్రపరుచుకునే సాఫ్ట్‌వేరుకో చందా కట్టబోతే మన డెబిట్ కార్డు చెల్లదు. తెర మీద 'డిక్లైన్డ్' అన్న ఒక్క మాట వస్తుంది. ఎందుకో చెప్పదు. ఖాతాలో డబ్బులున్నాయి, కార్డుకు గడువుంది, కిందటి వారమే ఇదే కార్డుతో కిరాణా దుకాణంలో సామాన్లు కొన్నాం. అయినా చెల్లదు. చదువులో మొదటి తరం వాళ్ళం ఇలాంటప్పుడు ముందు మనల్ని మనమే అనుమానించుకుంటాం. నంబరు తప్పు కొట్టామా, ఇంగ్లీషులో ఏదో సరిగా అర్థం కాలేదా అని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తాం. ఇది మన చేతగానితనం కాదు, కొన్ని నిబంధనల ఫలితం. ఆ నిబంధనల్లో ఎక్కడా కులం మాట లేదు. కాని అవి ఎవరి ఖాతాకు ఎట్లా తగులుతున్నాయో చూస్తే మాత్రం కులం కనబడకుండా ఉండదు.

మన ఖాతాలు ఎట్లా తెరుచుకున్నాయో గుర్తు చేసుకుందాం. పై కులాల ఇంట్లో పిల్లవాడికి తండ్రి జీతం పడే బ్యాంకులోనే ఖాతా ఉంటుంది. మనకు స్కాలర్‌షిప్పు కోసం, ఉపాధి హామీ కూలి కోసం, లేదంటే 2014 ఆగస్టు 28న మొదలైన జనధన పథకం కింద ఖాతా వచ్చింది. జనధన ఖాతాలు 2025 ఆగస్టు నాటికి 56 కోట్లు దాటాయి. ఇది చిన్న సంగతి కాదు. బ్యాంకు గడప తొక్కనివ్వని ఊళ్ళలో మన అమ్మలకు పాసుపుస్తకం వచ్చింది. కాని ఆ ఖాతాతో ఇచ్చిన కార్డు రూపే కార్డు, అందులోనూ చాలావరకు దేశం లోపల మాత్రమే చెల్లేది. రూపేలో విదేశాల్లో చెల్లే రకం వేరే ఉంది, డిస్కవర్ లాంటి కంపెనీల ఒప్పందంతో నడుస్తుంది. అదీ అన్ని చోట్లా పనిచేయదు. చాలా విదేశీ వెబ్‌సైట్లు వీసా, మాస్టర్‌కార్డు తప్ప ఇంకో పేరు గుర్తుపట్టవు. డబ్బు తీసుకోవడానికి పనికొచ్చే ఖాతా ఇచ్చారు గాని, డబ్బు బయటికి పంపాల్సిన పని మనకు ఉంటుందని ఎవరూ అనుకోలేదన్న మాట.

క్రెడిట్ కార్డు తీసుకునేవాళ్ళకు ఏ నెట్‌వర్కు కావాలో ఎంచుకునే అవకాశం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2024 మార్చిలో ఆదేశించింది, సెప్టెంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆ ఆదేశం క్రెడిట్ కార్డులకే. డెబిట్ కార్డు తప్ప ఇంకేమీ లేనివాళ్ళకు బ్యాంకు ఏది చేతిలో పెడితే అదే.

సరే, వీసా కార్డే ఉందనుకుందాం. అప్పుడు ఇంకో తలుపు ఉంది. 2020 జనవరి 15న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులరు ప్రకారం, ఆ ఏడాది మార్చి నుంచి కొత్తగా ఇచ్చే ప్రతి కార్డూ దేశంలోని ఏటీఎంలలో, దుకాణాల మెషీన్లలో మాత్రమే పనిచేసేట్టుగా ఇవ్వాలి. ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం కావాలంటే కార్డు ఉన్న మనిషే అడిగి తెరిపించుకోవాలి. ఇది మోసాల నుంచి కాపాడటానికి పెట్టిన నియమం, దాన్ని మేము తప్పు పట్టడం లేదు. మన ఇళ్ళల్లో ఓటీపీ చెప్పి కూలి డబ్బులు పోగొట్టుకున్న వాళ్ళున్నారు. కాని అదే సర్క్యులరులో ఇంకో మాట ఉంది. పాత కార్డుల్లో అంతవరకూ ఎన్నడూ ఆన్‌లైన్లోగాని, విదేశీ చెల్లింపులకుగాని వాడని వాటికి ఆ సౌకర్యాలు తప్పనిసరిగా మూసేయాలి. అంటే ఇన్నాళ్ళూ వాడే అవకాశం రాని మనిషికి ఇక ముందు కూడా తలుపు మూసే ఉంటుంది. ఈ తర్కం మనకు కొత్తది కాదు.

మూడోది నెలనెలా దానంతటదే కోసుకునే చందా. మనం మళ్ళీ ఒప్పుకోకుండా కంపెనీ ప్రతి నెలా డబ్బు లాక్కునే పద్ధతిని రిజర్వు బ్యాంకు 2021 అక్టోబరు 1 నుంచి కట్టడి చేసింది. మొదటిసారి ఓటీపీతో ఖరారు చేయాలి, ఆ తర్వాత ప్రతిసారీ డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందుగా కబురు చేయాలి. ఓటీపీ లేకుండా తీయగల మొత్తం మొదట 5,000 రూపాయలు, 2022 జూన్ నుంచి 15,000. విదేశీ కంపెనీలకూ ఈ నియమం వర్తిస్తుంది. మన బ్యాంకూ, అవతలి కంపెనీ తరఫున డబ్బు వసూలు చేసే సంస్థా రెండూ ఈ ఏర్పాటులో చేరి ఉంటేనే పని జరుగుతుంది. పెద్ద కంపెనీలు చేరాయి, లేదా వేరే దారి చూసుకున్నాయి. ఆపిల్ 2022లో ఇక్కడి కార్డులే మానేసి యూపీఐ, నెట్ బ్యాంకింగు వైపు మళ్ళింది. కాని ఒక చిన్న విదేశీ జర్నలో, ఒక పరిశోధకుల సంఘమో మన కోసం ఇదంతా చేయదు. అందుకే సినిమాల చందా యూపీఐతో రూపాయల్లో చిటికెలో కట్టేయగలం. పుస్తకం దగ్గరికి వచ్చేసరికి డాలరు అడ్డం వస్తుంది. మార్కెట్టు మనల్ని ప్రేక్షకులుగా గుర్తించింది, పాఠకులుగా ఇంకా గుర్తించలేదు.

చెల్లిన రోజున ఎంత పోతుందో కూడా చూడాలి. డాలరు 85 రూపాయలనుకుందాం. 10 డాలర్ల చందా అంటే 850 అనుకుంటాం. విదేశీ డిజిటల్ సేవల మీద 2016 డిసెంబరు నుంచి పన్ను ఉంది, జీఎస్టీ వచ్చాక అది 18 శాతం. అది కలిస్తే 1,003. దాని మీద బ్యాంకు విదేశీ మారకం రుసుము 3.5 శాతం వేస్తే 35, ఆ రుసుము మీద మళ్ళీ జీఎస్టీ. మొత్తం 1,044 దాటుతుంది. 2015లో విద్యార్థులు 'ఆక్యుపై యూజీసీ' అంటూ రోడ్డెక్కిన నాటికి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నాన్-నెట్ పీహెచ్‌డీ ఫెలోషిప్పు నెలకు 8,000 రూపాయలు. అందులో ఎనిమిదో వంతు ఒక్క చందాకే పోయే లెక్క ఇది. రూపాయి సమస్య మీద లండన్‌లో సిద్ధాంత గ్రంథం రాసి 1923లో అచ్చేసిన మనిషి మన బాబాసాహెబే. మారకపు రేటు కూడు గుడ్డల సంగతి కాదని మనం అనుకోకూడదు.

మరి మిగతా వాళ్ళు ఎట్లా కడుతున్నారు? అడిగి చూడండి. డాలస్‌లో పెదనాన్న కొడుకు కడతాడు, న్యూజెర్సీలో అక్క కడుతుంది. మా హాస్టళ్ళలో మేము చూసింది ఇదే. మన పెదనాన్న కొడుకు కూడా విదేశంలో ఉన్నాడు. కరీంనగర్ నుంచో, నిజామాబాద్ నుంచో పోయి గల్ఫులో కూలి చేస్తున్నాడు, అతని కార్డు జీతం తీసుకోవడానికే సరిపోతుంది. చుట్టరికం లేనిచోట ఏజెంట్లు దొరుకుతారు, కమీషను తీసుకుని గిఫ్ట్ కార్డులు అమ్ముతారు. మా మిత్రులు ఒకరిద్దరు ఇట్లా డబ్బు పోగొట్టుకున్నారు. అది చెల్లని కార్డైతే మనం ఎవరికి చెప్పుకోవాలి?

బ్యాంకుకు పోయేటప్పుడు అడగాల్సింది స్పష్టంగా అడగాలి. "కార్డు పనిచేయడం లేదు సార్" అంటే కౌంటర్లో పంపించేస్తారు. "నా కార్డు దేశీయమా, అంతర్జాతీయమా? అంతర్జాతీయ ఆన్‌లైన్ వాడకం తెరవండి, పరిమితి ఇంత పెట్టండి" అని కాగితం మీద రాసి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. ఫోన్లో యాప్ లేకపోయినా ఫరవాలేదు, ఏటీఎంలో, ఫోను కాల్ ద్వారా కూడా ఈ మీట తెరిచే సౌకర్యం ఇవ్వాలని ఆ సర్క్యులరులోనే ఉంది. పని కాగానే మళ్ళీ మూసేసుకోవడం మంచిది. ప్రాథమిక ఖాతా అయితే మామూలు పొదుపు ఖాతాగా మార్చమని అడగవచ్చు, కాని అప్పుడు కనీస నిల్వ ఎంతో ముందే తెలుసుకోవాలి. కొన్ని బ్యాంకులు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద క్రెడిట్ కార్డు ఇస్తాయి, జీతం చీటీ అడగవు. గడువులోపు మొత్తం కట్టకపోతే వడ్డీ నడ్డి విరుస్తుంది, అది మరవొద్దు. చందా నెలవారీ కాకుండా ఏడాదికి ఒకసారి కట్టి, దానంతటదే కొనసాగే ఏర్పాటును ఆపేస్తే మూడో తలుపు బాధ చాలావరకు తప్పుతుంది. ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు.

అసలు ఒక్కో విద్యార్థి ఒక్కో కార్డుతో ఎందుకు కుస్తీ పట్టాలి? జర్నళ్ళు కొనాల్సింది గ్రంథాలయం. 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్'కు కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదం తెలిపింది. మూడేళ్ళకు 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్ళు. 2025 జనవరి నుంచి నడుస్తోంది. మీరు ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోనో, ప్రభుత్వ కాలేజీలోనో ఉంటే చందా కట్టే ముందు అందులో ఉందేమో తప్పక చూడండి. కాని ప్రభుత్వ సంస్థల కోసం మొదలైన పథకం అది. తెలుగు రాష్ట్రాల్లో మన పిల్లలు ఎక్కువగా చదివేది, మనవాళ్ళు గంటల లెక్కన పాఠాలు చెప్పేది ప్రైవేటు కాలేజీల్లో. థీసిస్ ఇచ్చేసి ఉద్యోగం కోసం చూస్తున్నవాళ్ళకు క్యాంపస్ లాగిన్ కూడా ఉండదు. పైగా అది జర్నళ్ళకే, పల్లెల్లో పెద్దల మాటలు రికార్డు చేసి దాచుకునే చోటికీ, సంఘాల సభ్యత్వానికీ కాదు.

వీటికి కంటింజెన్సీ గ్రాంటు ఉంది గదా అంటారు. ఉంది. ముందు మన జేబులోంచి కట్టాలి, తర్వాత బిల్లు పెట్టాలి. మాకు తెలిసిన ఒక అకౌంట్స్ సెక్షన్‌లో డాలర్ల రసీదు చూసి "దీని మీద జీఎస్టీ నంబరు ఏదీ?" అని వెనక్కిచ్చారు. అందుకని కట్టిన రోజునే బ్యాంకు స్టేట్‌మెంటులో రూపాయల మొత్తం పడిన పేజీ, కంపెనీ పంపిన ఇన్‌వాయిసు, గైడు సంతకంతో ఈ చందా పరిశోధనకు ఎందుకు అవసరమో చెప్పే నాలుగు వాక్యాల లేఖ, మూడూ ఒక్కచోట జతచేసి పెట్టుకోవాలి. గైడు అనుమతి కట్టకముందే రాతపూర్వకంగా తీసుకుంటే ఇంకా మేలు.