ఆవిరి రేడియేటరును జరుపుట - తిరుగు నీటికి దారి

తెలుగు గ్రంథాలలో 'బాష్పం' అని వ్రాయబడు పదార్థాన్నే ఉర్దూలో 'భాప్' అందురు. రెండు మాటలకును మూలం ఒక్కటే. మన ప్రాంతానికి ఆవిరి కొత్తది కాదు. 1923లో ప్రారంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు మంజీరా జలాలను ఈ నేలకు తెచ్చినది. నీటి వెంట చెరకు వచ్చినది. చెరకు వెంట 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారం వెలసినది. 2015లో అది మూతపడువరకు చెరకు రసం అక్కడ ఆవిరి వేడితోనే చిక్కబడుచుండెను. నేడు మన జిల్లాలోని ఉప్పుడు బియ్యం మిల్లులలో వడ్లను ఉడికించునదియు, ఆరబెట్టు గాలిని వేడిచేయునదియు ఆవిరియే.

శీతల దేశాలలో ఇదే ఆవిరి ఇళ్లలోనికి ప్రవేశించినది. 1850 దశకంలో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గులో ఫ్రాంజ్ సాన్ గల్లి అను పారిశ్రామికుడు గదిని వెచ్చబరచు ఇనుప రేడియేటరును రూపొందించెనని చెప్పుదురు. న్యూయార్కు నగరంలో 1882 నుండి వీధుల క్రింద గొట్టాలు వేసి భవనాలకు ఆవిరిని అందించుచున్నారు. విడి ఇళ్లలోనైతే నేలమాళిగలో చిన్న బాయిలరు ఉండును. తెలుగు కుటుంబాలు అనేకం స్థిరపడిన న్యూయార్కు, న్యూజెర్సీ, చికాగో ప్రాంతాలలో ఇట్టి పాత ఇళ్లు నేటికిని గలవు. అట్టి ఇంటిని కొన్నవారు వంటగదిని విశాలం చేయదలచినపుడు గోడనానుకొని ఉన్న రేడియేటరు అడ్డు వచ్చును. దానిని ఈ గోడ నుండి ఆ గోడకు మార్చుట బీరువాను జరిపినంత సులభమని తోచును. అట్లు కాదని, ఎందువలన కాదో తెలుపుటయే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ కారణం ఎరిగినవారికి మన మిల్లులలోని పెద్ద యంత్రాల మర్మం కూడ బోధపడును.

ఆవిరి చేయు పని

ఒక కిలో నీటిని 30 డిగ్రీల నుండి 100 డిగ్రీలకు వేడిచేయుటకు 70 కిలోకేలరీలు చాలును. మరుగుచున్న ఆ నీటినే ఆవిరిగా మార్చుటకు ఇంకను సుమారు 540 కిలోకేలరీలు కావలెను. దీనినే గుప్తోష్ణం అందురు. ఆవిరి చల్లని ఇనుమును తాకి మరల నీరైనపుడు ఈ గుప్తోష్ణమంతయు ఇనుమునకు ఇచ్చివేయును. రేడియేటరు వేడెక్కుటకు కారణమిదే. కాబట్టి రేడియేటరు ఆవిరిని నీరుగా మార్చు పాత్ర అని గ్రహింపవలెను. ఎంత వేడి గదికి అందినదో అంత నీరు అందులో పుట్టును.

ఒక ఉదాహరణ చూతము. అమెరికా లెక్క ప్రకారం రేడియేటరు వైశాల్యంలో ఒక్కొక్క చదరపు అడుగు గంటకు సుమారు 60 కిలోకేలరీల వేడినిచ్చును. 40 చదరపు అడుగుల రేడియేటరు గంటకు 2,400 కిలోకేలరీలు ఇచ్చును. దీనిని 540 చేత భాగించినచో సుమారు నాలుగున్నర కిలోల ఆవిరి గంటకు నీరగుచున్నదని తేలును. పది గంటలు ఎడతెగక పనిచేసినచో 45 లీటర్లు, అనగా మూడు నాలుగు బిందెల నీరు! ఈ నీరంతయు బాయిలరుకు తిరిగి చేరవలెను. ఆవిరి తన పీడనంతో ఎటైనను పోగలదు. నీరు మాత్రం పల్లమునకే పోవును. రేడియేటరును జరుపునపుడు జరుపవలసినది ప్రధానంగా ఈ తిరుగు దారినే.

ఒక గొట్టం, రెండు గొట్టాలు

ఆవిరి పద్ధతులు రెండు రకాలు. మొదటి రకంలో రేడియేటరుకు ఒకే గొట్టం ఉండును. ఆవిరి అందులోనే పైకి వచ్చును, నీరు అందులోనే అడుగున క్రిందికి జారును. ఇరుకు సందులో ఎదురెదురుగా రెండు బండ్లు పోవుటకు ఎంత వెడల్పు కావలెనో ఈ గొట్టానికి అంత వెడల్పు కావలెను. రేడియేటరు కవాటం వైపునకు కొద్దిగా వాలియుండవలెను. గాలి బయటకు పోవుటకు ఎదుటి కొసన చిన్న గాలి ద్వారం ఉండును. కవాటాన్ని పూర్తిగా తెరచియైనను, పూర్తిగా మూసియైనను ఉంచవలెను. సగం తెరచినచో లోనికి వచ్చు ఆవిరి వెలుపలికి పోవు నీటిని అడ్డగించును.

రెండవ రకంలో ఆవిరికి ఒక గొట్టం, నీటికి వేరొక గొట్టం ఉండును. నీటి గొట్టం మొదట 'స్టీమ్ ట్రాప్' అను సాధనం ఉండును. అది నీటిని, గాలిని పోనిచ్చి ఆవిరిని నిలిపివేయును. ఇట్టి రేడియేటరును మార్చునపుడు రెండు గొట్టాలకును, ట్రాపుకును కొత్త స్థలం చూడవలెను.

మార్పు జరుగు విధానం

ముందుగా బాయిలరును ఆపి, గొట్టాలు పూర్తిగా చల్లారువరకు వేచియుండవలెను. ఒక్క కవాటం మూసినంత మాత్రాన క్షేమమని నమ్మరాదు. పోత ఇనుప రేడియేటరు మిక్కిలి బరువైనది. ఇద్దరు ముగ్గురు లేనిదే కదలింపరాదు. కవాటాన్ని రేడియేటరుతో కలుపు యూనియన్ రెండు ముక్కలు ఒకదానికొకటి జతగా తయారైనవి. ఒకటి మార్చినచో రెండవదానిని కూడ మార్చవలెను. లేనిచో ఆవిరి కారును.

తరువాత కొత్త గొట్టం దారి. అనుభవజ్ఞులు పాటించు నియమమేమనగా, రేడియేటరుకు పోవు అడ్డు గొట్టానికి ప్రతి అడుగుకు అర అంగుళం వాలు ఉండవలెను. ఆరు అడుగుల దూరం జరిపినచో మూడు అంగుళాల వాలు! నేల పలకల క్రింద కొయ్య దూలాల నడుమ ఆ మూడు అంగుళాలు దొరకుట తరచు కష్టం. దూలాలను ఇష్టానుసారం కోసినచో ఇంటి బలమే తగ్గును. వాలు చాలనిచోట ఒక మెట్టు పెద్ద గొట్టం వేయుదురు. దారి పొడవైనచో యజమానికి వేరొక స్థలం సూచించుటయే మంచి పనివాని లక్షణం.

ఉక్కు వేడికి సాగునను సంగతి కూడ మరువరాదు. పది మీటర్ల గొట్టం 80 డిగ్రీల వేడి పెరిగినచో దాదాపు ఒక సెంటీమీటరు సాగును. అందుచేత రెండు మూడు వంపులు పెట్టి, అవి కదలుటకు వీలు కల్పింతురు. నేలలో గొట్టం దూరు రంధ్రాన్ని కొంత వదులుగా ఉంచెదరు. బిగించినచో ప్రతి ఉదయం టకటక శబ్దం వినవచ్చును. నీళ్ల కుళాయిలకు వాడు ప్లాస్టిక్ గొట్టాలు ఆవిరికి పనికిరావు.

పాత ఇళ్లలో మరి రెండు అపాయాలు పొంచియుండును. పాత ఆవిరి గొట్టాలకు చుట్టిన తెల్లని కవచంలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును. దాని దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. పాత రంగులలో సీసం ఉండవచ్చును. అమెరికాలో ఇళ్లకు సీసపు రంగులను 1978లో నిషేధించిరి. పరీక్ష చేయింపక గీకుట, కోయుట తగదు. కూలికి పోవు యువకుడు యజమాని తొందరకు లోబడి ఈ పని చేసినచో దాని ఫలం ఏండ్ల తరువాత అనుభవించును.

దారి మూసుకొనినచో

నీటి దారి చెడినచో ఏమగును? గొట్టం ఎక్కడనైనను కుంగినచో అక్కడ నీరు నిలుచును. వేగంగా వచ్చు ఆవిరి ఆ చల్లని నీటిని తాకి ఒక్కసారిగా నీరగును. ఒక లీటరు నీరు ఆవిరియైనపుడు సుమారు 1,670 లీటర్ల చోటు ఆక్రమించును. అంత చోటు క్షణంలో శూన్యమైనచో చుట్టునున్న నీరు సమ్మెటవలె వచ్చి ఇనుమును మోదును. దీనిని 'వాటర్ హామర్' అందురు. ఇంటిలో ఇది పెద్ద శబ్దంగా వినబడును. పెద్ద గొట్టాలలో ప్రాణాలు తీయును.

2007 జూలై 18న న్యూయార్కులో లెక్సింగ్టన్ వీధి వద్ద 1924లో వేసిన 24 అంగుళాల ఆవిరి గొట్టం బ్రద్దలైనది. ఒకరు మరణించిరి, పలువురు గాయపడిరి. కారును ఆపుటకు పూర్వం వేసిన బంక పదార్థం ట్రాపులలో చేరి నీరు పోవు దారిని మూసివేసినదనియు, నిలిచిన నీటి వలననే పేలుడు కలిగినదనియు విచారణలో తేలినది. ఆవిరి కారకుండ చేసిన మరమ్మతే నీటిని బంధించినది!

మన మిల్లులు

ఇక మన చెంతకు వత్తము. ఉప్పుడు బియ్యం మిల్లులో ఊకతో మండు బాయిలరు నుండి ఆవిరి డ్రయ్యరునకు వచ్చును. అక్కడ గొట్టాల వరుసలో నీరగుచు, ఫ్యాను తోయు గాలిని వేడిచేయును. ఇదియు రేడియేటరే. మిల్లును విస్తరించునపుడు దీనిని ఒక షెడ్డు నుండి మరొక షెడ్డుకు మార్చుట కలదు. ఆవిరి గొట్టాన్ని పొడిగించి, నీటి గొట్టాన్ని ఎట్లో ఒకట్లు కలిపినచో అడుగు వరుసలు నీటితో నిండును. వడ్లు ఆరవు. ఊక అధికంగా కాలును. చివరకు గొట్టాలు మోగనారంభించును. ఆ మోతను అలవాటైనదిగా భావించి ఊరకుండుట మహా ప్రమాదం.

లాభం కూడ ఈ నీటిలోనే ఉన్నది. 30 డిగ్రీల నీటికి బదులు 90 డిగ్రీల తిరుగు నీటిని బాయిలరుకు పంపినచో కిలోకు 60 కిలోకేలరీలు మిగులును. ఆవిరి చేయుటకు కావలసిన మొత్తం 610 కిలోకేలరీలలో ఇది దాదాపు పదవ వంతు. వేడి నీటిని కాలువలోనికి వదలు యజమాని పది బస్తాల ఊకలో ఒక బస్తాను వృథా చేయుచున్నాడన్నమాట.

బాయిలరుకు చేరిన ఆవిరి గొట్టాలలో నిర్మాణపు మార్పు చేయుటకు ముందు బాయిలర్ల తనిఖీ శాఖ అనుమతి అవసరమని మన దేశపు చట్టం. 1923 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చినది. ఈ నియమాలు బాయిలరు ప్రక్కన నిలిచి పనిచేయు మనుష్యుని కొరకు ఏర్పడినవి.

మన కళాశాల విద్యార్థులలో కొందరు ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చదువులకు, కొందరు మిల్లులకు, కొందరు గల్ఫుకు, కొందరు అమెరికాకు పోవుదురు. ఎక్కడికేగినను ఆవిరి గొట్టాన్ని తాకుటకు ముందు 'ఇందులోని నీరు ఎటు పోవును?' అని ఒక్క ప్రశ్న అడుగవలెనని మా మనవి. సమాధానం దొరకువరకు పానాను క్రింద ఉంచుటయే మేలు.