ఇల్లెవరిది మామ్మగారూ?

తెలుగు కథలో ముసలావిడ మొండితనం వెనక ఎప్పుడూ ఒక ఇంటి తగువు ఉంటుంది. ఎవరికీ సొంతం కాని సరోజినీ నగర్ క్వార్టర్ల నుంచి చూస్తే అది ఇంకా బాగా తెలుస్తుంది.

సరోజినీ నగర్ అనగానే ఢిల్లీవాళ్లకి ఎగుమతుల్లో మిగిలిన బట్టల బజారు గుర్తొస్తుంది. బేరమాడటం చేతకానివాళ్లు కూడా అక్కడికి వెళ్తే నేర్చుకునే వస్తారు. ఆ బజారును ఆనుకుని ఉన్నది కేంద్ర ప్రభుత్వోద్యోగుల కాలనీ. మొదట్లో వినయ్ నగర్ అనేవారు. తర్వాత హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు పేరు పెట్టారు.

ఇలాంటి కాలనీల్లో తెలుగు గుమాస్తాలూ అధికారులూ కాపురాలు చేశారు. వాళ్ల వెంట ఊళ్ల నుంచి తల్లులూ వచ్చారు. ఊళ్లో వంటింటి నుంచి ధాన్యపు గాదె దాకా పెత్తనం చేసిన ఆవిడకి ఇక్కడ మిగిలేవి ఇరుకు గదులు. అవీ కొడుకువి కావు, సర్కారువి. ఆయన రిటైరైతే కొద్ది నెలల్లో తాళంచెవి అప్పజెప్పాల్సిందే. పాతవి పడగొట్టి బహుళ అంతస్తులు కట్టడానికి 2016లో కేంద్ర మంత్రివర్గం అనుమతించాక, ఆ క్వార్టర్లే లేకుండా పోతున్నాయి.

ఇల్లు చేజారితే మొండితనం దేన్ని పట్టుకుని నిలబడుతుంది? మన కథల్లో గట్టి ముసలమ్మలందరికీ ఎదురైన ప్రశ్న ఇదే.

నోరే ఆస్తి

వాళ్లలో అందరికీ తెలిసినావిడ భానుమతీ రామకృష్ణ రాసిన ‘అత్తగారి కథలు’లోని అత్తగారు. మడి, ఆచారం, అన్నీ తనకే తెలుసునన్న ధీమా, ఆ పక్కనే పసిపిల్లలాంటి అమాయకత్వం. కథ చెప్పేది కోడలు, నడిపేది అత్తగారు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఈ కథలను పాఠకులు నవ్వుకుంటూ చదివారు. ఆ నవ్వుకి అడుగున ఒక నిజం ఉంది. ఆవిడ అధికారమంతా ఇంటి గడప లోపలే.

అందుకు కారణం వెతకడానికి చట్టం దాకా వెళ్లాలి. 1937 చట్టం హిందూ వితంతువుకి భర్త ఆస్తిలో వాటా ఇచ్చింది కానీ అది ఆవిడ బతికున్నన్నాళ్లే. ఇష్టం వచ్చినట్టు అమ్ముకునే వీల్లేదు. సంపూర్ణ హక్కు వచ్చింది 1956 హిందూ వారసత్వ చట్టంతో. అంతకుముందు తరం ఆడవాళ్లలో చాలామందికి నోరొక్కటే ఆస్తి. కథకులు గయ్యాళితనమని నవ్వించినదాంట్లో సగం, హక్కులేని మనిషి చేసుకున్న ఏర్పాటు.

అబ్బూరి ఛాయాదేవి దారి

ఈ లెక్కను మార్చిన రచయిత్రి ఢిల్లీలోనే ఉద్యోగం చేశారు. 1933లో రాజమండ్రిలో పుట్టిన అబ్బూరి ఛాయాదేవి జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేశారు. ఆవిడ కథాసంపుటి ‘తన మార్గం’కి 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. సంపుటికి పేరిచ్చిన కథలో భర్త పోయిన పెద్దావిడ పిల్లల పంచన చేరకుండా తన బతుకు తానే బతకాలనుకుంటుంది. అరుపుల్లేవు, శాపనార్థాల్లేవు. అత్తగారి గొంతు పెద్దది, ఈవిడ నిర్ణయం పెద్దది.

ఛాయాదేవి కూడా తన చివరి ఏళ్లు హైదరాబాదు కొండాపూర్‌లోని సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమంలో గడిపి, 2019లో కన్నుమూశారు. మన సినిమాల్లో వృద్ధాశ్రమం అంటే కొడుకు చేసిన ద్రోహానికి గుర్తు. ఆవిడ కథలు చదివినవాళ్లకి మాత్రం, ఎక్కడుండాలో తేల్చుకునే హక్కు పెద్దవాళ్లదేనని ముందే తెలుసు.

ఢిల్లీలోనే ఎక్కువకాలం గడిపిన హిందీ రచయిత్రి కృష్ణా సోబ్తీ మరో అడుగు వేశారు. ‘ఏ లడ్‌కీ’ (1991)లో తల్లి మంచం మీద నుంచి లేవలేదు. పెళ్లి చేసుకోని కూతురితో మాట్లాడుతూనే ఉంటుంది. ఇల్లు సరే, ఒళ్లు కూడా మాట విననప్పుడు తన బతుకెలా గడిచిందో తనే తేల్చి చెప్పుకునే పట్టుదల అది.

రావలసిన కథ

ఈ వరుసలో క్వార్టర్ మామ్మగారు ఉండాల్సింది. హిందీ రాకపోయినా కూరగాయలవాడి చేత కొసరు వేయించుకున్న మనిషి, కొడుకు రిటైరయ్యేనాడు ‘ఊరికి నేను రాను, ఇక్కడే ఉంటాను’ అంటే? తన పేరున ఇల్లుంటే పంతం నెగ్గించుకోవడం తేలిక. ఏమీ లేనప్పుడే రచయితకి అసలు పరీక్ష.

ముసలావిడని కథలోకి తెచ్చి ఏడిపించడానికి రెండు పేజీలు చాలు. కొడుకు ఉత్తరం కోసం ఎదురుచూపులు, దగ్గు, గోడ మీద పోయిన భర్త ఫోటో. ఆవిడని ఒక నిర్ణయం తీసుకోనిచ్చి, దానికయ్యే ఖర్చు కూడా ఆవిడనే భరించనివ్వడానికి గుండెధైర్యం కావాలి. ఆ నిర్ణయం తప్పని పాఠకుడికి అనిపించినా సరే, రచయిత మధ్యలో దూరి దిద్దకూడదు. డెబ్బై ఏళ్లొచ్చిన మనిషికి తప్పు చేసే హక్కు కూడా ఉందని ఒప్పుకున్న కథే ఆవిడని నిజంగా గౌరవించినట్టు.