ఇంటివద్ద పిల్లల చదువు - వేడుకగా నేర్పు విధము



దుక్కి దున్ని, పదును చూచి, పిమ్మట విత్తుట మనకు క్రొత్త గాదు. పదును లేని నేలలో విత్తిన గింజ మొలవదని మన యిండ్లలోని పసివారు సైతము ఎరుగుదురు. కాని బిడ్డల చదువు విషయమున ఈ నియమమును మనము మరచుచున్నాము. బడికి పంపితిమి, పలక కొంటిమి, ఇక చదువు దానంతట అదియే వచ్చునని ఊరకుందుము. బిడ్డకు చదువుపై ఇష్టము పుట్టినదా లేదా యని విచారించువారు మిక్కిలి తక్కువ.

దీని ఫలితము ఎట్లున్నదో చూడుడు. దేశమందలి పల్లెలలో ఇంటింటికి పోయి పిల్లలచే చదివించి చూచెడు 'అసర్' పరిశీలన 2022 లో జరిగినప్పుడు, అయిదవ తరగతి పిల్లలలో నూటికి సుమారు 43 మంది మాత్రమే రెండవ తరగతి పాఠమును చదువగలిగిరి. 2024 లో ఈ సంఖ్య సుమారు 49 అయినది. అనగా సగముమంది బిడ్డలు అయిదవ తరగతికి వచ్చియు చిన్న కథనైనను తమంతట తాము చదువలేకున్నారు. ఇట్టి బిడ్డ పెద్దవాడైన పిమ్మట ఋణపత్రముపై వ్రేలిముద్ర వేయడు, సంతకమే చేయును. కాని ఆ పత్రములో ఏమున్నదో ఎరుగడు. సంతకము నేర్చినవాడు వేరు, చదువరి వేరు.

బడి మానిపింపుడని మేము చెప్పుట లేదు. 6 మొదలు 14 ఏండ్ల వరకు ఉచిత విద్య పొందుట 2010 ఏప్రిలు 1 నుండి బిడ్డల హక్కయినది, దానిని వదలుకొనరాదు. బడికి తోడుగా ప్రతి సాయంకాలము ఒక పావుగంట ఇంటివద్ద ఏమి చేయవచ్చునో తెలుపుటయే మా యుద్దేశము.

కథ ముందు, అక్షరము వెనుక

గుజరాతు దేశమున భావనగరములో గిజుభాయి బధేకాగారు 1920 లో బాలమందిరమును నెలకొల్పిరి. వారు మొదట న్యాయవాదులు. పిమ్మట బిడ్డల విద్యకే తమ జీవితమును ధారపోసిరి. వారు వ్రాసిన 'దివాస్వప్న' మను పుస్తకములోని ఉపాధ్యాయుడు, అల్లరి మాన్పుటకు బెత్తము పట్టక, పిల్లలకు కథలు చెప్పును. కథల రుచి మరగిన పిల్లలు పిదప పుస్తకములను తామే చేపట్టుదురు.

ఈ పని చదువురాని తల్లియు చేయగలదు. కథ చెప్పుటకు అక్షరజ్ఞానము అక్కరలేదు గదా! అవ్వ చెప్పిన కథను పెద్దక్కయో అన్నయో నాలుగు మాటలలో కాగితముపై వ్రాసి, దానినే చిన్నవానిచే చదివింపవలెను. అంతకన్న మేలైనది, బిడ్డ చెప్పిన మాటనే వ్రాసి ఇచ్చుట. "మా ఎర్రావు ఈనింది. దూడ నుదుటిమీద తెల్ల చుక్క ఉంది" అని బిడ్డ చెప్పినచో, ఎట్లు పలికెనో అట్లే వ్రాయుడు; సవరింపకుడు. తన నోటిమాట కాగితముపై నిలుచుట చూచి బిడ్డ పొందు సంతోషము ఇంతింత గాదు. వాక్యమేదో ముందే తెలియును గావున చదువుట సులభమగును. ఇట్టి కాగితములు ఇరువది చేర్చి కుట్టినచో, అదియే వాని మొదటి పుస్తకము.

ఏడక్షరముల ఆట

అక్షరమాల యంతయు కంఠస్థమగువరకు ఒక్క మాటయు చదువరాదను నియమ మేమియు లేదు. పాత పెండ్లి శుభలేఖలను కత్తిరించి అ, క, డ, ప, ర, ల, వ అను ఏడక్షరములను ఏడు అట్టముక్కలపై వ్రాయుడు. వీనితో అరక, పలక, కలప, పడవ, కడవ, పడక, అల, వల, కల, వడ అను పది మాటలు కూడును. వీనిలో గుణింతము లేదు, వత్తు లేదు. తండ్రి "అరక" యనవలెను. బిడ్డ ముక్కలను వెదకి వరుసగా పేర్చవలెను. పిమ్మట బిడ్డ పేర్చవలెను, తండ్రి చెప్పవలెను. తండ్రికి చదువు రాకున్నచో ఇద్దరును కలిసియే నేర్చుకొనవచ్చును. అందు సిగ్గుపడవలసిన దేమియు లేదు.

ఈ యాట వచ్చిన పిమ్మట దీర్ఘమును, వత్తును చూపుడు. ఒక్క దీర్ఘము చేర్చినంతనే నోటిలోని కడి యెద్దు మెడపై కాడి యగును. ఒక్క వత్తు చేర్చినచో గడి గడ్డి యగును, బలి బల్లి యగును, పతి పత్తి యగును. బిడ్డ నవ్వును; నవ్వుచు నేర్చినది మరువడు.

ఊరే పుస్తకము

పుస్తకములు లేవని వగవ నక్కరలేదు. బస్సుపై ఊరిపేరు, పాలకేంద్రపు చీటి, పంచాంగము, మన సంఘపు పాసుపుస్తకము, ఇవన్నియు పాఠములే. విత్తనపు సంచిపై రకము పేరును, గడువు తేదీని వెదకి చెప్పుమనుడు. యూరియా బస్తాపై తూకమును చదివింపుడు. పూర్వము 50 కిలోలుండిన బస్తా 2018 నుండి 45 కిలోలయినది. తాను చదివినది ఇంటివారికి పనికివచ్చెనని తెలిసిన బిడ్డ రెట్టింపు ఉత్సాహముతో చదువును.

ఇచట ఒక హెచ్చరిక. పురుగుమందు డబ్బాను, అది ఖాళీదైనను, బిడ్డ చేతికి ఈయరాదు. డబ్బాపై నుండు రంగు గుర్తును కాగితముపై గీసి చూపుడు. ఎరుపు అన్నిటికన్న తీవ్రమైన విషము. పిదప పసుపు, నీలము, ఆకుపచ్చ క్రమముగా తగ్గుచుండును. ఆకుపచ్చ యనగా విషము కాదని యర్థము గాదు. ఈ పాఠము తెలిసిన బిడ్డ ఒకనాడు ఇంటివారి ప్రాణమునే కాపాడవచ్చును.

చేయరాని పనులు

తప్పు చదివినప్పుడెల్ల మధ్యలో ఆపి గద్దింపరాదు. వాక్యము ముగిసిన పిదప మెల్లగా మరల చదివి వినిపింపవలెను. పొరుగువారి బిడ్డతో పోల్చరాదు. అల్లరికి శిక్షగా "కూర్చుండి చదువు" మనరాదు. అట్లన్నచో చదువే శిక్ష యని బిడ్డ తలచును. చదివిన కథనే పదిమారులు చదివెదనన్న చదువనీయుడు. పావుగంట కాగానే, ఇంకను కావలెనను కోరిక యుండగనే, ముగింపవలెను.

సంఘము చేయదగినది

ఒక్కరివల్ల కానిది పదుగురు కలిసినచో అగుననుట సహకారమునకు మూలసూత్రము. పండ్రెండు ఇండ్లవారు తలకొక పిల్లల పుస్తకము కొని, నెలకొకమారు మార్చుకొన్నచో, ఏడాదిలో ప్రతి యింటికిని ఒక్కదాని వెలకు పండ్రెండు పుస్తకములు లభించును. 1957 లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్టు వారు తెలుగున బాలల పుస్తకములను స్వల్పవెలకు ప్రచురించియున్నారు. 2015 లో మొదలైన 'స్టోరీవీవర్' అను చోట తెలుగు బొమ్మల కథలు సెల్ ఫోనులో ఉచితముగనే దొరకును. 1947 జూలైలో పుట్టిన చందమామ ఇప్పుడు వెలువడకున్నను, పాత సంచికలు ఎవరి యటుకపైనైన నుండవచ్చును. దింపి దుమ్ము దులుపుడు.

ఇది మన దేశమునకు కొత్త పనియు గాదు. 1935 లో కృష్ణా కాలువపై కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ పడవలో గ్రంథాలయమును నడిపి, ప్రజలకు పుస్తకముల నందించిరి. పడవపై పుస్తకములను తీసికొనిపోయినవారి దేశములో, సంఘపు కార్యాలయమున ఒక చెక్కబీరువాకు చోటు దొరకదా? వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును సభ్యులు ప్రస్తావింతురు గాక. అంతవరకు ఆగ నక్కరలేనిది మాత్రము ఒకటి కలదు: ఏడు అట్టముక్కలు కత్తిరించుటకు ఈ సాయంకాలము చాలును.